యూనివర్సిటీలు మన పిల్లలకు ప్రశ్నించడం నేర్పాలా, ఉద్యోగం ఇప్పిస్తే చాలా?

మునుగోడు టీచర్:
నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. నీళ్లు, నేల పాడుకాకుండా జిల్లా ఎదగడం ఎలాగో సొంతంగా ఆలోచించే పిల్లల్ని ఇవి తయారుచేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

వనపర్తి, డిగ్రీ ఫైనల్ ఇయర్:
సార్, ముందు ఉద్యోగం. మా నాన్న ముంబైలో కూలి చేసి చదివిస్తున్నాడు. పర్యావరణం పేపర్ మాకూ ఉంది. సుప్రీంకోర్టు 1991లో చెప్పాక, యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ యూజీసీ దీన్ని అన్ని డిగ్రీలకూ పెట్టిందట. పరీక్ష ముందు రోజు గైడ్ చదివి రాసేస్తాం. దాంతో ఏం మారింది?

నల్గొండ, రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్:
తమ్ముడూ, నీ బాధ న్యాయమైనదే. కానీ గైడ్ చదువు ఉద్యోగం కూడా తెచ్చిపెట్టదు. మన ఊరి పేరున్న ‘నల్గొండ టెక్నిక్’నే తీసుకో. ఎముకల్ని పాడుచేసే ఫ్లోరైడ్‌ను తాగునీళ్లలోంచి తీయడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి. బకెట్ నీళ్లలో సున్నం, పటిక వేసి తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు తాగాలి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఇదంతా మా పిల్లలు గడగడా చెప్పేవాళ్లు. “ఆ మడ్డి ఎక్కడ పారబోస్తారు?” అంటే క్లాసంతా మౌనం. నీళ్లలోంచి తీసిన ఫ్లోరైడ్ ఉన్నది అందులోనే కదా! పెరట్లో పోస్తే మళ్లీ నేలలోకే పోదా? ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట పటిక ఎక్కువ వేయాలి. అప్పుడు పటికలోంచి వచ్చి నీళ్లలో మిగిలే అల్యూమినియం సంగతేమిటి? రోజూ ఇదంతా కొలిచి కలిపేది ఎవరు, ఇంట్లో ఆడవాళ్లే కదా? ఈ ప్రశ్నలు వేయించని కెమిస్ట్రీ క్లాసు నా దృష్టిలో సగం క్లాసే.

దేవరకొండ రైతు:
మేడమ్, ప్రశ్నకు డిగ్రీ ఎందుకు? 2003లో మన జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు దగ్గర పెట్టాలనుకున్న యురేనియం గనుల మీద ప్రజాభిప్రాయ సేకరణ పెడితే తండాల వాళ్లు గట్టిగా నిలబడి అడిగారు. అప్పటికి మన దగ్గర యూనివర్సిటీయే లేదు.

నల్గొండ, రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్:
నిజమే అన్నా, ఆ ధైర్యం ఏ క్లాసూ ఇవ్వదు. అయితే ప్రాజెక్టుల పర్యావరణ అనుమతుల మీద కేంద్రం తర్వాత ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం కూడా ఊరికి తెలుగులో వచ్చేది పర్యావరణ నివేదిక సారాంశమే. అసలు రిపోర్టు ఇంగ్లీషులో లావుపాటి పుస్తకం. నీళ్ల శాంపిళ్లు ఏ బావిలో తీశారు, వానాకాలం లెక్కలు ఎందుకు లేవు అన్నవి అందులో వెతకాలి. ఆ పని మన పీజీ పిల్లలు ఊరివాళ్ల పక్కన కూర్చుని చేయాలి. ఆ బావులు ఎక్కడున్నాయో మీకు తెలుసు, ఆ పట్టికలు చదవడం వాళ్లకు రావాలి.

వనపర్తి, డిగ్రీ ఫైనల్ ఇయర్:
మార్కులు లేకపోతే ఎవరూ రారు మేడమ్.

నల్గొండ, రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్:
యూజీసీ మొదట ఇచ్చిన పర్యావరణ సిలబస్‌లో 100కు 25 మార్కులు ఫీల్డ్ వర్క్‌వే. మీ కాలేజీలో వాటిని దేనికి వేస్తున్నారో రేపు వెళ్లి అడుగు.