పరిశోధనలో తేలిందంటే ఇక మనం నోరు మూసుకోవాల్సిందేనా?

మానుకోట_శ్రీను
మా బావమరిది ఎంబీఏ చదువుతున్నాడు. దసరాకి ఇంటికొచ్చినప్పుడు మైక్రోఫైనాన్స్ మీద, అదే కంపెనీలు పేద ఆడవాళ్లకి గ్రూపులుగా ఇచ్చే చిన్న లోన్ల మీద, మాటొచ్చింది. వారం కిస్తీలతో మా వైపు ఆడవాళ్లు నలిగిపోయారని నేనన్నాను. వాడు ఫోన్ తీసి, "బావా, ఇది హైదరాబాద్‌లోనే చేసిన పరిశోధన. చేసినవాళ్లలో ఇద్దరికి నోబెల్ వచ్చింది. లోన్ల వల్ల నష్టమేమీ లేదని తేలింది. నీది ఒక్క ఇంటి కథ" అన్నాడు. అందరి ముందూ ఏం చెప్పాలో తోచలేదు.

మా అమ్మ 2009లో గ్రూపు లోన్ తీసుకుంది. కంపెనీ పేరు అనవసరం, ఆ పరిశోధనలో ఉన్నది మాత్రం కాదు. గ్రూపులో ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు తలా కొంత వేసి కట్టేదాకా లోన్ సారు అరుగు మీంచి లేచేవాడు కాదు. ఓసారి మా అమ్మ చెవి కమ్మలు తాకట్టుకెళ్లాయి, అదీ పక్కింటామె కిస్తీ కోసం. ఇది నేను కళ్లారా చూసింది. పెద్ద చదువులవాళ్ల లెక్క ముందు దీనికి విలువ లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

చాక్‌పీసు
శ్రీను గారూ, మీ బావమరిది ఆ పేపరు చదివి ఉండడు. దాని గురించి ఎవరో రాసిన రెండు లైన్లు చదివుంటాడు. నేను డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను, ఏటా ఒక క్లాసు దీని మీదే తీసుకుంటాను.

అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మరో ఇద్దరు కలిసి చేశారు. 2015లో అచ్చయింది. హైదరాబాద్‌లో 104 బస్తీలు ఎంచుకుని, లాటరీ తీసినట్టు 52 బస్తీల్లో స్పందన అనే మైక్రోఫైనాన్స్ సంస్థ ముందుగా లోన్లు మొదలుపెట్టేలా చూశారు. మిగతా 52 అప్పటికి ఆగాయి. 15 నుంచి 18 నెలలయ్యాక 6,800 పైచిలుకు ఇళ్లలో వివరాలు రాసుకున్నారు. మొదటి లోన్ 10,000 రూపాయలు, 50 వారాల కిస్తీలు. వడ్డీ 12 శాతం అంటారు కానీ అది ఫ్లాట్. వారం వారం అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం పదివేల మీదే పడుతుంది కాబట్టి అసలు లెక్క 24 శాతం. మన భాషలో రెండు రూపాయల వడ్డీ.

తేలిందేమిటి? కొత్తగా వ్యాపారం మొదలుపెట్టిన ఇళ్లు పెరగలేదు. ఉన్న వ్యాపారంలో పెట్టుబడి పెరిగింది. ఇంటి నెల ఖర్చులో తేడా లేదు. మన్నిక ఉన్న సామాన్లు ఎక్కువ కొన్నారు. పొగాకు, మందు, బయటి తిండి లాంటివాటి మీద ఖర్చు తగ్గింది. ఆరోగ్యం, పిల్లల చదువు, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లడం, ఇవేవీ మారలేదు. అప్పట్లో మైక్రోఫైనాన్స్‌తో పేదరికం పోతుందని ఊరంతా డప్పు కొట్టేవారు. ఆ డప్పుకి చిల్లు పెట్టిన పేపరు ఇది. దీన్నే పట్టుకుని మీవాడు లోన్లను వెనకేసుకొచ్చాడంటే నాకు నవ్వొస్తోంది.

సంఘం_సరళక్క
మాస్టారూ, ఒక్క మాట. ముందు లోన్లు మొదలైన బస్తీలకీ ఆగిన బస్తీలకీ, లోన్ ఉన్న ఇళ్లలో తేడా ఎంత?

చాక్‌పీసు
8.4 శాతం పాయింట్లు. ఆగిన బస్తీల్లో కూడా వేరే కంపెనీలు తిరుగుతున్నాయి కదమ్మా.

సంఘం_సరళక్క
అదీ సంగతి. అంటే నూరిళ్లలో ఎనిమిదిళ్లకి అదనంగా అప్పు పుట్టింది. లెక్క మాత్రం నూరిళ్ల మీద వేశారు. ఆ ఎనిమిదిలో ఒకామె కమ్మలు పోగొట్టుకుని, ఇంకొకామె కిరాణా కొట్టు పెంచుకుంటే, మీ సగటుకి ఇద్దరూ కలిసి సున్నా.

నేను పదకొండేళ్లు డ్వాక్రా సంఘం పుస్తకాలు రాశాను. 2010 నాటికి మా ఊళ్లో ఒక్కో ఇంట్లో మూడు నాలుగు కంపెనీల పాస్‌బుక్కులు ఉండేవి. ఒకరి లోన్ తెచ్చి ఇంకొకరి కిస్తీ కట్టేవాళ్లు. ఒక్క కంపెనీ కొత్తగా వస్తే ఏమవుతుందో వాళ్లు కొలిచారు. నాలుగోది వస్తే ఏమవుతుందో మేము చూశాం. రెండూ ఒకటి కాదు.

డ్యూటీ_డాక్టర్
సగటుని మరీ అంత తీసిపారేయకండి సరళ గారూ. కరోనాలో మా వార్డులో ఎవరి అనుభవం వాళ్లది. హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో బతికాడని ఒకరు, దానితోనే పోయాడని ఇంకొకరు. 2020 మే 22న లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో ఒక పేపరు వచ్చింది: 671 ఆసుపత్రులు, 96,000 మంది రోగులు, ఆ మందు ప్రమాదమని. అసలు డేటా చూపించమంటే చూపించలేకపోయారు. జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. పట్టుమని రెండు వారాలు!

అదే జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఎవరికి ఏ మందు అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. డెక్సామెథసోన్ ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు. చవకైన పాత స్టెరాయిడ్. ఆ ఒక్క ట్రయల్ లేకపోతే మేమంతా ఇంకా అనుభవాలే చెప్పుకుంటూ ఉండేవాళ్లం.

మానుకోట_శ్రీను
మరి ఆక్సిజన్ అవసరం లేనివాళ్ల సంగతేంటి సార్?

డ్యూటీ_డాక్టర్
వాళ్లకి ఉపయోగం కనపడలేదు. అయినా 2021లో జ్వరం రాగానే ఇంట్లో కూర్చుని స్టెరాయిడ్లు మింగినవాళ్లు ఎంతమందో. బ్లాక్ ఫంగస్ కేసులు అన్ని రావడానికి షుగరుతో పాటు అదీ ఒక కారణం.

మానుకోట_శ్రీను
నా బదులు మీరే వాదించారు సార్, థాంక్స్. మీ మందు ఒకరికి ప్రాణం పోసింది, ఇంకొకరికి ఎందుకూ పనికిరాలేదు. ఎవరికి అన్నది విడదీసి చెప్పారు కాబట్టి ఆ ట్రయల్‌కి విలువ. మా బావమరిది అలా విడదీయలేదు.

బగ్_ఫిక్స్
డాలస్ నుంచి. శ్రీను అన్నా, "కళ్లారా చూశాను" అన్న మాట మీద నాకు కొంచెం పేచీ ఉంది. కోపం తెచ్చుకోవద్దు.

2025 జులైలో మెటర్ అనే సంస్థ ఒక పరిశోధన పెట్టింది. బాగా అనుభవం ఉన్న 16 మంది డెవలపర్లు, వాళ్లు ఏళ్లుగా పనిచేస్తున్న సొంత ప్రాజెక్టుల్లో 246 పనులు. ఏ పనికి ఏఐ వాడొచ్చో, దేనికి వాడకూడదో లాటరీ వేశారు. మొదలుపెట్టే ముందు 24 శాతం త్వరగా అవుతుందన్నారు. అయ్యాక అడిగితే 20 శాతం త్వరగా అయిందన్నారు. గడియారం చూస్తే 19 శాతం ఆలస్యం! తమ పని, తమ కళ్లు, అయినా అంత తేడా. నేనూ ఆ ట్రయల్‌లో ఉంటే అదే చెప్పేవాణ్ణి.

అంతకు ముందు గిట్‌హబ్ వాళ్లు కోపైలట్ అనే తమ కోడ్ రాసే ఏఐ మీద చేసిన దాంట్లో 95 మందికి జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న సర్వర్ రాసే పని ఇచ్చారు. అక్కడ దాదాపు 56 శాతం త్వరగా అయింది. మా మేనేజర్ స్లైడ్లలో ఎప్పుడూ ఈ 56 మాత్రమే ఉంటుంది. 19 కనపడదు. నేను టీమ్ మీటింగులో 19 గురించి ఎత్తితే "శాంపిల్ చిన్నది" అంటాడు. 95 మాత్రం ఆయనకి పెద్ద శాంపిల్!

చిల్లర_ఖాతా
మీరంతా ఇంత లోతుగా మాట్లాడుతుంటే నాదొక చిన్న ముక్క. 2024 సెప్టెంబర్‌లో షేర్ మార్కెట్‌ని చూసుకునే సెబీ లెక్క తీసింది: మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో (షేర్ల ధర ముందు ముందు ఎటు పోతుందో పందెం కాసే ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో) ఆడిన కోటి మందికి పైగా సామాన్యుల్లో 93 శాతం నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్లు. ఇందులో లాటరీ లేదు, ట్రయల్ లేదు, ఖాతాలు కూడి చూశారంతే. నేను చదివాను, నమ్మాను కూడా. నమ్మి, మిగతా ఏడుగురిలో నేనుంటాననుకుని మళ్లీ ఆడాను. ఉండలేదు.

చాక్‌పీసు
😀 ఖాతా గారూ, రేపు క్లాసులో మీ మాట చెబుతాను, పేరు లేకుండా.

మళ్లీ సరళ గారి మాటకొస్తాను. ఒక కంపెనీ రావడం వేరు, అన్నీ కలిసి ఊరంతా కమ్మేయడం వేరు అన్నది సరైన అభ్యంతరమే. 104 బస్తీల సర్వేలు కూడా, మైక్రోఫైనాన్స్ వసూళ్లకి పగ్గం వేస్తూ మన ప్రభుత్వం తెచ్చిన 2010 అక్టోబర్ ఆర్డినెన్స్ కంటే ముందు కాలానివి. కానీ అన్నీ ఒక్కసారిగా ఆగిపోతే ఏమైందో చూసిన పరిశోధన ఇంకోటుంది. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ చేశారు. హైదరాబాద్ పేపరులోని నలుగురిలో కిన్నన్ కూడా ఒకరు. ఆంధ్రప్రదేశ్‌లో వసూళ్లు కుప్పకూలడంతో ఇక్కడ ఎక్కువ అప్పులిచ్చిన కంపెనీల చేతిలో డబ్బు ఆడలేదు. ఆ కంపెనీల మీద ఆధారపడ్డ బయటి రాష్ట్రాల జిల్లాల్లో కూలి రేట్లు, ఇంటి ఖర్చులు తగ్గాయి. అప్పు తీసుకోని కూలీకి కూడా ఆ దెబ్బ తగిలింది. చేతిలో డబ్బు లేక జనం కొనడం తగ్గిస్తే, పని ఇచ్చేవాడూ తగ్గిస్తాడు కదా.

సంఘం_సరళక్క
అబద్ధమని అనను. ఆర్డినెన్స్ వచ్చినప్పుడు కిస్తీ వారానికి కాదు నెలకన్నారు, ఇంటికొచ్చి కాదు పంచాయతీ ఆఫీసులోనే వసూలు చేసుకోమన్నారు. మా వీధిలో ఆ రాత్రి అందరూ హాయిగా పడుకున్నారు. ఆరు నెలలయ్యాక విత్తనాలకి డబ్బు కావాల్సి వచ్చి వాళ్లలోనే కొందరు ఐదు రూపాయల వడ్డీకి వెళ్లారు. నేను రాసిన పుస్తకాల్లో రెండూ ఉన్నాయి. కానీ మాస్టారూ, కూలి తగ్గిందన్న లెక్క చూపించి అరుగు మీద కూర్చున్నవాణ్ణి మంచివాణ్ణి చేయొద్దు. అప్పు కావాలి, ఆ వసూలు పద్ధతి వద్దు. ఈ రెండిటినీ విడదీసి కొలిచినవాళ్లుంటే చెప్పండి, చదువుతాను.

మానుకోట_శ్రీను
ఇదంతా అయ్యాక నిన్న అమ్మకి ఫోన్ చేశాను. "ఆ లోన్ వల్ల మనకి మంచి జరిగిందా, చెడు జరిగిందా" అని సూటిగానే అడిగాను. గేదెని ఆ డబ్బుతోనే కొన్నామంది. నా ఇంటర్ ఫీజు ఆ పాల డబ్బే అట. నాకు ఇన్నేళ్లూ తెలియదు. నాకు కమ్మలే గుర్తున్నాయి, గేదె ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడూ అడగలేదు. బగ్_ఫిక్స్ తమ్ముడూ, నీ పేచీ ఒప్పుకుంటున్నా.

అలాగని బావమరిదికి ఇంకా ఫోన్ చేయలేదు. చేసినా గేదె సంగతి చెబుతానో లేదో.

అమ్మ ఇంకో మాట కూడా అంది. పక్కింటామె ఆ కిస్తీ డబ్బు ఇప్పటికీ తిరిగివ్వలేదట. "అది రాసుకున్నారా మీ పరిశోధనోళ్లు?" అని అడిగింది.

సంఘం_సరళక్క
ఎంతట?

మానుకోట_శ్రీను
ఎనిమిది వందల నలభై. వడ్డీ వద్దులే అంది.