"జ్వరం వచ్చింది" అని నోటితో అనకూడదా?

కృపాసదన్:
అందరికీ వందనాలు. బుధవారం స్త్రీల కూడికలో ఒక సిస్టర్ "జ్వరం తగ్గట్లేదు, ప్రార్థించండి" అన్నారు. కూడిక నడిపే ఆవిడ వెంటనే ఆపేసి, "రోగం ఉందని ఒప్పుకుంటే అది నీదైపోతుంది, స్వస్థపడ్డానని ప్రకటించు" అన్నారు. ఒళ్లు కాలిపోతున్నా పాపం ఆమె అలాగే చెప్పి కూర్చుంది. ఇది వాక్యానుసారమేనా?

విశ్వాసవీరుడు_గుంటూరు:
నూటికి నూరుపాళ్లు వాక్యానుసారమే. "జీవమరణములు నాలుక వశము" (సామెతలు 18:21). మార్కు 11:23లో ప్రభువు కొండ గురించి ప్రార్థించమనలేదు, కొండతోనే మాట్లాడమన్నాడు. షూనేము ఊరి స్త్రీ, అదే షూనేమీయురాలి సంగతి చూడండి (2 రాజులు 4). కొడుకు శవాన్ని ఎలీషా ప్రవక్త మంచం మీద పడుకోబెట్టి వచ్చింది. దారిలో ప్రవక్త సేవకుడు గేహజీ క్షేమమా అని అడిగితే "సుఖముగా ఉన్నాము" అంది. చావు అన్న మాట ఆమె నోట రాలేదు, అందుకే కొడుకు తిరిగి లేచాడు.

బెరయవాడు:
బ్రదర్, 26వ వచనం దగ్గరే ఆగిపోయారేం? ముందుకు చదవండి. ఎలీషా దగ్గరికెళ్లి కాళ్లు పట్టుకుంది. గేహజీ ఆమెను నెట్టేయబోతే, ఆమె బహు వ్యాకులంగా ఉంది వదిలెయ్యమన్నాడు ప్రవక్త. 28లో "కొడుకు కావాలని నేనడిగానా?" అని నిలదీసింది. గేహజీ దగ్గర దాచుకున్నదంతా అక్కడ కక్కేసింది.

ఒప్పుకుంటే రోగం నీదవుతుందన్న బోధ అపొస్తలులది కాదు. అమెరికాలో ఈ.డబ్ల్యు. కెన్యన్ (1867–1948) అనే బోధకుడు రాసుకున్నది. దాన్ని కెన్నెత్ హేగిన్ అనే ఇంకో బోధకుడు అందుకుని, 1974లో ఓక్లహోమాలో రేమా బైబిల్ శిక్షణ కేంద్రం పెట్టి ఊరూరా వ్యాపింపజేశాడు. మనవాళ్లు దాన్నే యూట్యూబ్‌లో కొత్త ప్రత్యక్షత అంటున్నారు.

పాత_మందిరం:
చెడ్డ మాట అనకు, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు అనేది మా అమ్మమ్మ. ఆమె బాప్తిస్మం తీసుకున్నప్పుడు వాళ్లు కూడా వెనకే వచ్చినట్టున్నారు.

విశ్వాసవీరుడు_గుంటూరు:
వెటకారాలు వద్దు. బోధ ఓడ దిగి వచ్చిందంటారా, మనకు సువార్త కూడా అలాగే వచ్చింది. నేను అడిగేది ఒక్కటే. గేహజీతో ఆమె ఆ మాట అన్నదా, లేదా?

నా సంగతి చెప్తాను. పదో తరగతి ఫెయిలైన రోజు నుంచి మా నాన్న నన్ను "అడుక్కుతినే మొహం" అనేవాడు. అన్నం దగ్గర కూడా అదే. ఏ పనిలోనూ నిలవలేకపోయాను. సంఘంలో అయ్యగారు "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" (ఫిలిప్పీ 4:13) అన్న వచనం రోజూ అద్దం ముందు గట్టిగా చదవమన్నారు. ఇవాళ నాకు సొంత వెల్డింగ్ షాపు ఉంది. నాలుకకు శక్తి లేదని నాకు మాత్రం చెప్పొద్దు.

షారోను_ఖమ్మం:
నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, అక్కడిదాకా ఎవరికీ గొడవ లేదు కదా? కానీ తాను తిరిగి లేపబోయే స్నేహితుడి గురించే "లాజరు చనిపోయెను" అని ప్రభువే అన్నాడు, యోహాను 11:14.

విశ్వాసవీరుడు_గుంటూరు:
అంతకుముందు 11వ వచనంలో నిద్రించుచున్నాడు అన్నాడు సిస్టర్. అది వదిలేశారేం?

పాత_మందిరం:
శిష్యులకు అర్థం కాక 14లో విడమరిచి చెప్పాల్సి వచ్చింది అయ్యా.

బెరయవాడు:
మీ నాన్నగారి మాట మిమ్మల్ని పాడుచేసిందంటే నేను నమ్ముతాను. యాకోబు 3 చెప్పేది అదే, నాలుకతో మనుషుల్ని శపిస్తున్నామని. అది పక్కవాడికి చేసే హాని. జ్వరాన్ని జ్వరం అంటే ఎవరికి హాని? మీరు అద్దం ముందు చదివిన ఫిలిప్పీ పత్రికలోనే, తన తోటి పనివాడు ఎపఫ్రొదితు "రోగియై చావునకు సిద్ధమైయుండెను" అని పౌలు రాశాడు (2:27).

విశ్వాసవీరుడు_గుంటూరు:
బాగయ్యాక రాశాడు. అయిపోయినదాన్ని చెప్పడం వేరు. షూనేమీయురాలి గురించి అడిగితే ఎక్కడెక్కడికో పోతారేం? మీలాంటి వాళ్ల వల్లే సంఘాల్లో అవిశ్వాసం పెరుగుతోంది. మీ ఇంట్లో ఎవరికో తగ్గకపోతే బోధను తప్పుపట్టకండి.

బెరయవాడు:
మా ఇంట్లో ఎవరికో కాదు, మా అమ్మకు. రొమ్ము కాన్సర్, ఎముకలకు పాకింది. రోజూ పొద్దున్నే నర్సు కాగితం పట్టుకుని వచ్చి "నొప్పి పదికి ఎంతమ్మా?" అని అడిగేది. అమ్మ "సున్నా, నేను స్వస్థపడ్డాను" అనేది. నర్సు సున్నా వేసుకుని పక్క మంచానికి పోయేది. ఆమె అటు వెళ్లగానే అమ్మ దుప్పటి అంచు పళ్ల మధ్య పెట్టుకుని గోడవైపు తిరిగేది. సున్నా అన్నవాళ్లకు మార్ఫిన్ ఎందుకు పెంచుతారు? నేను చెబితే, పేషెంటు అలా అనట్లేదు కదా అన్నారు.

పరామర్శకు వచ్చినవాళ్లేమో నొప్పి అన్నావంటే సాతానుకు తలుపు తీసినట్టే అని చెప్పి పోయేవాళ్లు. సమాధి దగ్గర మట్టి వేస్తుంటే ఒకాయన అన్నాడు, చివర్లో ఆమె ఒప్పుకోలు జారిపోయిందని. కెన్యన్ ఎవరో అప్పటికి నాకు తెలియదు. తర్వాత వెతుక్కుని చదివాను.

షారోను_ఖమ్మం:
అయ్యో.

విశ్వాసవీరుడు_గుంటూరు:
సమాధి దగ్గర ఆ మాట అన్నవాడు మనిషే కాదు. అది నేను సమర్థించను.

కానీ ఇదీ వినండి. మా ఆవిడకు కీమో నడుస్తోంది. "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది" అని పైకి చదివితే గానీ పొద్దున మంచం దిగదు. ఈ చర్చ ఆమె కంట పడుతుందేమోనని నాకు రెండు రోజులుగా టెన్షన్. ఆ ఒక్క మాటా తీసేసి ఆమెకు ఏమివ్వమంటారు? చచ్చిపోతావని చెప్పమంటారా?

బెరయవాడు:
వచనం తీసేయమని ఎవరన్నారు? మా అమ్మకూ అదే వచనం, గోడకు అంటించాను కూడా. నర్సు అడిగినప్పుడు మాత్రం నిజం అంకె చెప్పమనండి. మీ దగ్గర నొప్పి అంటుందా ఆవిడ?

విశ్వాసవీరుడు_గుంటూరు:
అనదు. అననివ్వను కూడా.

బెరయవాడు:
మరి ఎవరి దగ్గర అనాలి? షూనేమీయురాలికి ఎలీషా ఉన్నాడు. మీ ఇంట్లో ఉన్నది మీరే.

విశ్వాసవీరుడు_గుంటూరు:
శుక్రవారం ఆస్పత్రికి వెళ్లాలి. నర్సు అడిగేటప్పుడు నేను బయట వరండాలో ఉంటాను, ఆమె ఏం చెప్పుకుంటుందో ఆమె ఇష్టం. 26వ వచనం విషయంలో మాత్రం నా మాట మారదు.