వరదలో ఇంటివారితో మాట్లాడేందుకు నమ్మదగిన రేడియో సెట్టు ఏది?

బుడమేరు ఒడ్డు (అడిగినవారు):

నమస్కారం. మాది విజయవాడ అజిత్ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి కాలనీలు మునిగినప్పుడు అమ్మానాన్నలు మొదటి అంతస్తులో చిక్కుకుపోగా, నేను బెంజ్ సర్కిల్ వైపు ఉండిపోయాను. కరెంటు పోయిన మర్నాటికే వారి ఫోన్లలో ఛార్జింగ్ అయిపోయింది. మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లే అయినా, పడవ మీద వెళ్ళి వచ్చినవారు చెబితే తప్ప వారి క్షేమం నాకు తెలియలేదు. మళ్ళీ అటువంటి పరిస్థితి వస్తే మాట తెగిపోకుండా కారులో ఒక రేడియో సెట్టు బిగించుకుని, ఇంట్లో మరొకటి ఉంచాలని అనుకుంటున్నాను. ఐదు వాట్ల చేతి సెట్ల జత మూడు వేల రూపాయలకే వస్తుందని, పదిహేను కిలోమీటర్ల వరకు మాట వినబడుతుందని ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన చూశాను. దానిని నమ్మవచ్చునా? డబ్బు ఇంకొంత ఎక్కువైనా ఫరవాలేదు, అవసరమైన రోజున పని చేయాలి.

పాత మెకానిక్, గవర్నర్‌పేట:

ఆ సెట్లను కొనవద్దు. దూరం సంగతి తరువాత చూద్దాం, అసలు లైసెన్సు లేకుండా వాటిని వాడే హక్కు మీకు లేదు. 136 నుంచి 174 వరకు, 400 నుంచి 480 మెగాహెర్ట్‌జ్ వరకు ఎక్కడ తిప్పితే అక్కడ పలికే ఆ ఐదు వాట్ల సెట్లతో, తెలియకుండానే ఏదో ఒక ప్రభుత్వ శాఖ మాటలకు అడ్డుపడే ప్రమాదం ఉన్నది. వరద సహాయం జరుగుతున్న రోజున అటువంటి పొరపాటు ఎంత చేటు చేస్తుందో మీరే ఊహించగలరు. ఇటువంటి సెట్లను వివరాలు చెప్పకుండా అమ్ముతున్నారని 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 ఈ-కామర్స్ వేదికలకు నోటీసులు కూడా ఇచ్చింది.

లైసెన్సు అక్కరలేని సెట్లు వేరే ఉన్నాయి. 2018 నాటి నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్‌జ్ మధ్య, తక్కువ శక్తితో పనిచేసే చేతి సెట్లను ఎవరైనా వాడుకోవచ్చు. ఈ తరహా సెట్ల శక్తి సాధారణంగా అర వాటు, యాంటెన్నా ఊడదీయడానికి వీలు లేకుండా ఉంటుంది. కొనేటప్పుడు పెట్టె మీద 446 అన్న అంకె ఒక్కటే చూసి సరిపెట్టుకోకుండా, ఈటీఏ అనే పరికర ఆమోద పత్రం ఉన్నదా అని దుకాణదారుని అడగండి. నీళ్ళు నమిలితే వేరే దుకాణానికి వెళ్ళండి.

ఇక దూరం. ప్రకటనలో చెప్పే కిలోమీటర్లు కొండ మీద నుంచి కొండ మీదికి కొలిచినవని అనుకోండి. నేలపై నిలబడిన మనిషి చేతిలోని సెట్టు భూమికి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తుకు వర్గమూలం తీసి 4.12తో గుణిస్తే అడ్డు లేని సమతల నేల మీద తరంగం చూడగల దూరం ఐదు కిలోమీటర్లు వస్తుంది. తొమ్మిది మీటర్ల డాబా ఎక్కితే అదే పన్నెండు దాటుతుంది. అవతలి సెట్టు దూరాన్ని కూడా దీనికి కలుపుకోవచ్చు. కనుక వాట్లు పెంచడం కంటే మెట్లు ఎక్కడమే లాభం. అయితే మీ రెండు చోట్ల నడుమ మొగల్రాజపురం, గుణదల కొండలు, వాటి చుట్టూ అపార్టుమెంట్లు ఉన్నాయి. కిందనే నిలబడితే అర వాటు సెట్టు వీధి రెండు మలుపులు తిరిగేసరికే గరగరమంటుంది. కారులో కూర్చుంటే మరీ కష్టం, పైకప్పు రేకు తరంగాన్ని అడ్డుకుంటుంది.

లంక రైతు, కొల్లిపర:

పై పెద్దాయన చెప్పిన 446 సెట్లనే మేము లంక పొలాల్లో మోటారు దగ్గర ఒకటి, ట్రాక్టరు మీద ఒకటి పెట్టుకుని వాడుతున్నాము. ఇసుక మేటల మీద ఎదురుగా మనిషి కనబడే చోట రెండు కిలోమీటర్లు స్పష్టంగా వినబడుతుంది, అరటి తోటలోకి దిగగానే అందులో సగం కూడా రాదు. మొదటి జతను నీటి రక్షణ సంగతి చూడకుండా కొన్నాను, ఒక్క వానకే పాడైపోయింది. ఐపీ67 అని రాసి ఉన్నదానిని తీసుకోండి, అది మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా తట్టుకునేలా పరీక్షించినదని అర్థం. మామూలు పెన్సిల్ సెల్స్‌తో కూడా నడిచే సెట్టయితే మరీ మంచిది, కరెంటు లేని మూడో రోజున కూడా కిరాణా కొట్టులో సెల్స్ దొరుకుతాయి.

ఒక్క మాట చెప్పడం మరిచాను. సెట్టులో ఉండే ప్రైవసీ కోడ్ మీ మాటలను ఎవరూ వినకుండా చేయదు, ఇతరుల మాటలు మీకు వినబడకుండా ఆపుతుంది, అంతే. ఇంటి తాళం ఎక్కడ పెట్టారో మాత్రం దానిలో చెప్పుకోకండి.

గుంటూరు హ్యామ్:

కారులో బిగించే సెట్టే కావాలంటే సరైన దారి హ్యామ్ లైసెన్సు, అంటే వ్యాపారానికి కాక సొంత ఆసక్తితో రేడియో వాడుకునేవారికి ఇచ్చే అనుమతి. పన్నెండేళ్ళు నిండిన ఎవరైనా టెలికమ్యూనికేషన్ల శాఖ పరీక్ష రాయవచ్చు. అందులో రిస్ట్రిక్టెడ్ అనే తరగతికి చుక్కలు, గీతల మోర్స్ సంకేతాలు నేర్చుకోవలసిన అవసరం లేదు. దరఖాస్తు ఆ శాఖవారి సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి. శిక్షణ కావాలంటే హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉన్నది. ఆ తరువాత 144 నుంచి 146 మెగాహెర్ట్‌జ్ బ్యాండులో, కారు పైకప్పు నడిమధ్య అరమీటరు యాంటెన్నాతో మీరు కోరిన నమ్మకం చాలావరకు దొరుకుతుంది. అయితే అవతలి సెట్టు పట్టుకునేవారికి కూడా లైసెన్సు ఉండాలన్న సంగతి చాలామంది గమనించరు. మీ అమ్మానాన్నలు పరీక్ష రాయడానికి సిద్ధపడకపోతే, మీ కారులో ఎంత గొప్ప సెట్టు ఉన్నా వారితో మాట్లాడడానికి అది పనికిరాదు.

లైసెన్సు అక్కరలేని దారి ఇంకొకటి ఉన్నది: 27 మెగాహెర్ట్‌జ్ దగ్గర సిటిజన్ బ్యాండు అనే బ్యాండులో ఐదు వాట్ల వరకు ఎవరైనా వాడుకోవచ్చు, కానీ దానికి పూర్తి పొడవు యాంటెన్నా రెండున్నర మీటర్లు దాటుతుంది. పొట్టిదైతే శక్తి వృథా అవుతుంది. అందుచేత మీకు దానిని సిఫారసు చేయను.

బుడమేరు ఒడ్డు:

నాన్నగారికి డెబ్బై దాటింది, పరీక్ష అంటే నవ్వారు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి మాత్రం తాను రాస్తానని పట్టుబట్టింది. తాను తాతగారింట్లోనే ఉంటుంది కనుక ఆ దారి కుదిరేలా ఉన్నది. అంతవరకు 446 జత ఒకటి కొని, ముందు మా డాబా మీద నుంచి, అవతల నేనుండే భవనం పైనుంచి ప్రయత్నించి చూస్తాను.

లంక రైతు, కొల్లిపర:

మంచిది. వరద రోజుల్లో సెట్టును రాత్రింబవళ్ళు తెరిచి ఉంచకుండా, ప్రతి గంటకు మొదటి ఐదు నిమిషాలు మాత్రమే ఆన్ చేయాలని ఇంట్లో ముందే అనుకోండి. మాకు రెండు రోజుల సెల్స్ అలాగే నాలుగు రోజులు వచ్చాయి.

గుంటూరు హ్యామ్:

లైసెన్సు వచ్చాక కారులో బిగించేటప్పుడు సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కరెంటు తీయకండి. యాభై వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు పది ఆంపియర్ల వరకు లాగుతుంది, కనుక తీగను ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే కలపాలి. ఇంట్లో మీ ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులదయితే దానికే కలుపుకోవచ్చు, అయితే ఆ బ్యాటరీ కింది అంతస్తులో ఉంటే ఇప్పుడే పైకి చేర్చండి.