ఆపియన్ కాగితపు చక్రాలు: శాస్త్రమా, సరుకా?

అచ్చుపురుగు: 1540లో జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో పీటర్ ఆపియన్ అనే ఖగోళ శాస్త్రవేత్త తన సొంత ప్రెస్సులో ‘ఆస్ట్రోనామికమ్ సీజరియమ్’ అనే భారీ పుస్తకం వేశాడు. రంగులద్దిన కాగితపు చక్రాలు తిప్పితే గ్రహం ఏ రాశిలో ఎన్ని డిగ్రీల మీద ఉందో చెబుతాయి. చక్రవర్తి అయిదో చార్లెస్‌కి అంకితమిచ్చి 3,000 బంగారు నాణేలు పుచ్చుకున్నాడు. అందరూ సైన్సు చరిత్రలో ఆణిముత్యం అంటారు. నాకు మాత్రం దొరలకి అమ్మిన ఖరీదైన బొమ్మలాగే కనిపిస్తోంది. ఏమంటారు?

లెక్కలమాస్టారు: బొమ్మ అని కొట్టిపారెయ్యకండి. ఆ రోజుల్లో గ్రహస్థితి కట్టాలంటే పట్టికలు ముందేసుకుని గంటలకొద్దీ కూడికలు, తీసివేతలు. మన సిద్ధాంతిగారిని అడగండి, గుణించడం ఎంత పనో. ఆ పని చక్రానికి అప్పజెప్పాడు. నక్షత్రాల ఎత్తు కొలిచే ఇత్తడి పరికరం ఆస్ట్రోలేబ్ కొనలేని విద్యార్థుల కోసం 1524లోనే ‘కాస్మోగ్రఫీ’ పుస్తకంలో చిన్న చక్రాలు పెట్టాడు. న్యూరెంబర్గ్‌లో గియోర్గ్ హార్ట్‌మన్ కూడా పరికరాల బొమ్మలు కాగితం మీద అచ్చువేసేవాడు. చెక్కకి అంటించుకుంటే పరికరం రెడీ.

అచ్చుపురుగు: విద్యార్థుల పుస్తకం సరే మాస్టారూ, దాన్ని నేనూ మెచ్చుకుంటా. నా పేచీ 1540 పుస్తకంతోనే. మూడేళ్లలో, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ పుస్తకం వచ్చింది. ఈయనేమో భూమి చుట్టూ సూర్యుణ్ణి తిప్పుతూ రంగులేసుకుంటున్నాడు. తర్వాత ఖగోళవేత్త కెప్లరే 1609లో, ఇంత తెలివి, ఇంత శ్రమ వృథా అయ్యాయే అని వాపోయాడు.

బైండింగ్‌బాబాయ్: సిద్ధాంతాలు నాకు తెలీవు గానీ పని తెలుసు. చక్రాలు విడిగా అచ్చువెయ్యాలి, చేత్తో రంగులెయ్యాలి, గుండ్రంగా కత్తిరించాలి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఇరుసు దగ్గర దారంతో కట్టాలి. కష్టమెక్కడంటే, అన్నిటికీ ఇరుసు ఒకేచోట ఉండదు. పక్కకి జరిగిన ఇరుసు మీద తిరిగే చక్రం పైన ఇంకో చక్రం, ఏదీ ఇంకోదానికి అడ్డుపడకూడదు. పైగా పట్టుదారం, దాని మీద గుర్తుగా జరిపే చిట్టి ముత్యం! మా ప్రెస్సులో ఒకసారి పెళ్లి శుభలేఖకి ఒకే ఒక్క తిరిగే చక్రం పెట్టమన్నారు. వందలో పాతిక బిగుసుకుపోయాయి, పార్టీ చేత తిట్లు తిన్నాం.

లెక్కలమాస్టారు: బాబాయ్ అసలు సంగతి పట్టేశారు! ఆ పక్కకి జరిగిన ఇరుసే, అన్నీ భూమి చుట్టూ తిరుగుతాయన్న పాతకాలపు పండితుడు టాలెమీ సిద్ధాంతం. వృత్తం మీద వృత్తం తిరుగుతుందన్న లెక్క కాబట్టే కాగితపు వృత్తాల్లో అంత చక్కగా ఇమిడింది. గ్రహాల దారి దీర్ఘవృత్తం, అంటే కోలగా సాగిన వృత్తం, అని కెప్లర్ తేల్చాక ఈ దారమూ ఇరుసూ చాలవు. అంటే ఆ పుస్తకం పాత సిద్ధాంతాన్ని చేత్తో తిప్పి చూడగలిగేంత స్పష్టంగా చూపించింది. తప్పని తేల్చాలన్నా ముందు అది అర్థమవ్వాలి కదా.

అచ్చుపురుగు: ఇది వకీలు వాదన మాస్టారూ. తప్పుని స్పష్టంగా చూపిస్తే ఒప్పయిపోతుందా?

తోకచుక్క: ఇద్దరూ చక్రాలు తిప్పుతూ వెనక పేజీలు వదిలేశారు. ఆపియన్ 1531లో ఒక తోకచుక్కని చూసి, దాని తోక ఎప్పుడూ సూర్యుడున్న వైపుకి వ్యతిరేక దిక్కునే ఉంటుందని రాశాడు. చైనావాళ్లకి అది ముందే తెలుసు, ఆ మాట వేరు. ఈ చక్రాల పుస్తకంలోనే బొమ్మలతో సహా వేశాడు. 1705లో ఇంగ్లండు ఖగోళవేత్త హేలీ తను చూసిన 1682 చుక్కా, 1607 నాటిదీ, ఆపియన్ చూసిందీ ఒకటేనని తేల్చింది ఇలాంటి కొలతలు పెట్టుకునే.

అచ్చుపురుగు: ఆ పేజీల వరకూ ఒప్పుకుంటున్నా. చక్రాలు మాత్రం బొమ్మలే.

బైండింగ్‌బాబాయ్: బొమ్మే అనుకో, ఆ ముత్యం జారకుండా ఎలా నిలబెట్టాడో ఎవరైనా చెప్పండి ముందు.