దించిన సైటులో వీడియో రెండు నిమిషాలకే ఆగిపోతోంది

గాలిపటం: పొద్దున్నుంచి ఇదే పని. ఒక నాటకోత్సవం సైటును దించి జాతీయ దృశ్యశ్రవణ భాండాగారానికి అప్పగించాలి, గడువు శుక్రవారం. పేజీలు, ఫొటోలు బాగానే వచ్చాయి. వీడియో మాత్రం కాసేపు ఆడి ఆగిపోతుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది. మూడుసార్లు మొదటినుంచి దించాను, అదే వరస. నెట్ బాగానే ఉంది. ఎవరైనా చెప్పండి బాబూ.

డబ్బారేకు: దేనితో దించారు? సరిగ్గా ఎక్కడ ఆగుతోంది?

నల్లరీలు: అసలు వీడియోలను ఎఫ్ఎఫ్‌వీ1లోకి (నాణ్యత పోకుండా కుదించే పద్ధతి) మార్చి మట్రోస్కాలో (ఎంకేవీ ఫైలు) పెట్టారా? 2021లో ఆర్ఎఫ్‌సీ 9043 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా కూడా వచ్చింది. ఒక్క పిక్సెల్ పోదు. మూడో వెర్షన్‌లో ఫ్రేములోని ప్రతి ముక్కకూ (స్లైసు) సీఆర్‌సీ అనే తనిఖీ సంఖ్య పెట్టుకోవచ్చు, ఫ్రేములో ఏ ముక్క చెడిందో ఇట్టే దొరుకుతుంది. ఎంపీ4లు పట్టుకెళ్లి భాండాగారానికి ఇవ్వడమేంటండీ!

డబ్బారేకు: అది టేపులకు. సైటులో ఉన్నది ముందే హెచ్.264లో (కొంత నాణ్యత వదిలేసే కుదింపు) నలిగిన వీడియో. ఎఫ్ఎఫ్‌వీ1 చేస్తే ఫైలు ఉబ్బుతుంది, పోయిన నాణ్యత రాదు.

గాలిపటం: బ్రౌజర్‌ట్రిక్స్‌తో (పేజీలను తనంతట తెరిచి పట్టుకునే క్రాలర్) అండి, చెప్పలేదా? అన్నీ 1:55, 2:05 మధ్యే ఆగుతున్నాయి. ఒక్కో నాటకం 40 నిమిషాలు.

డబ్బారేకు: ఈ ముక్క ముందే చెప్పాల్సింది. మీ వీడియో ఒకే ఫైలు కాదు, ఎం3యూ8 అనే జాబితా ఫైలు వెనక చిన్న చిన్న వీడియో ముక్కలు (టీఎస్ ఫైళ్లు). క్రాలర్ ప్లే నొక్కి, ఆడినంతవరకే పట్టుకుంటుంది. ఒక్కో పేజీలో అలా ఆడించే గడువు, అంటే బిహేవియర్ టైమ్‌అవుట్, మామూలుగా 90 సెకన్లు, ప్లేయరు ముందుగా లాగిపెట్టుకునేది ఓ 30. లెక్క సరిపోయిందా? సీడీఎక్స్‌లో (పట్టుకున్నవాటి సూచిక) టీఎస్‌లు లెక్కపెట్టండి. ముక్క 6 సెకన్లదైతే 400 ఉండాలి, మీకు 20 దాకా కనిపిస్తాయి.

వీడియో పేజీల చిరునామాలే ఒక జాబితాగా రాసి, స్కోప్ టైప్ 'పేజ్' (లింకుల వెంట పోకుండా ఆ పేజీలే) పెట్టి, టైమ్‌అవుట్ 2700 సెకన్లు ఇచ్చి విడిగా నడపండి. సున్నా ఇస్తే హద్దుండదు, మధ్యలో ఏ లైవ్ స్ట్రీమో తగిలితే అక్కడే కూర్చుంటుంది. వైటీ-డీఎల్‌పీ అనే వీడియోలు దించే పనిముట్టుతో, ఇన్ఫో జేసన్‌తో (వీడియో వివరాల ఫైలు) సహా విడి ప్రతి తీసి, షా-256 (ఫైలు మారలేదని చూసుకునే వేలిముద్ర) రాసిపెట్టుకోండి. పట్టుకున్నదాన్ని రీప్లేలో చూసేటప్పుడు నెట్ తీసెయ్యండి. లేకపోతే అసలు సైటు నుంచి ఆడుతున్నా మీకు తెలియదు.

అక్షరపురుగు: 'దించడం' అనకండి. దించితే ఫైలొక్కటే వస్తుంది. వార్క్‌లో (క్రాలర్ రాసే ఆర్కైవ్ ఫైలు) సర్వరు ఇచ్చిన జవాబు హెడర్లు, తేదీతో సహా పడుతుంది. దాన్ని సేకరణ అనాలి. ఫ్రాన్స్‌లో 2006 చట్టంతో వెబ్‌ను కూడా లీగల్ డిపాజిట్‌లోకి (ప్రచురణల ప్రతిని చట్టప్రకారం భద్రపరిచే ఏర్పాటు) తెచ్చారు, రేడియో-టీవీ సైట్లు ఇనా అనే దృశ్యశ్రవణ సంస్థకి, మిగతావి జాతీయ గ్రంథాలయానికి. మనకున్నది 1954 పుస్తకాల చట్టం, 1956లో పత్రికలు చేర్చారు. వెబ్ ఊసే లేదు.

నల్లరీలు: సేకరణ అంటే పన్ను వసూలులా ఉంది. ఆర్కైవింగ్ అంటే పోదా?

డబ్బారేకు: గడువు శుక్రవారం అన్నారాయన.

గాలిపటం: 2700 పెట్టాను, మొదటిది చివరిదాకా ఆడింది. థాంక్సండి. సబ్‌టైటిళ్లు మాత్రం రాలేదు, నొక్కితేనే లోడయ్యే రకంలా ఉన్నాయి. వాటికి ఏం చెయ్యాలి?