క్యాన్సర్ నిర్ధారణ శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఎక్కువ ప్రమాదకరమైనదా?

ప్రశ్న: అమెరికాలో ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ అయిన సీడీసీ నడిపే ఫోను సర్వే, క్యాన్సర్ ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా అని 18 ఏళ్లు నిండినవారిని అడిగి, రాష్ట్రాలవారీగా శాతాలు ప్రకటిస్తుంది. శాతం ఎక్కువగా ఉన్నచోట గాలి, నీరు చెడిపోయాయని అనుకోవచ్చు కదా?

జవాబు: అనుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ సర్వేలో ఫోను ఎత్తి జవాబు చెప్పినవారే, అంటే వ్యాధి సోకినా బతికి ఉన్నవారే లెక్కకు వస్తారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారిలో సుమారు 90 శాతం మంది ఐదేళ్ల తరువాత కూడా జీవించి ఉంటుండగా, క్లోమ క్యాన్సర్‌లో ఆ సంఖ్య 15 శాతం లోపే ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ కొత్త కేసుల రేటులో కెంటకీ ఏళ్ల తరబడి దేశంలోనే ముందు వరుసలో ఉంది. అయితే ఆ రోగుల్లో ఎక్కువమంది కొద్ది సంవత్సరాల్లోనే మరణిస్తారు కనుక, ఆ విషాదంలో చాలా భాగం సర్వే శాతంలో కనిపించదు. త్వరగా గుర్తించి, మంచి చికిత్స అందించే రాష్ట్రంలోనేమో అదే శాతం పెరుగుతుంది. ప్రాణాలు నిలబెట్టినందుకు ఒక రాష్ట్రానికి చెడ్డపేరు రావడం నాకు అన్యాయంగా తోస్తుంది.

వయసు పెరిగేకొద్దీ క్యాన్సర్ ఎక్కువవుతుందన్న సంగతి అందరికీ తెలిసినదే: మెయిన్ రాష్ట్ర జనాభా దేశంలోకెల్లా వయసు మీరినది, యూటా రాష్ట్ర జనాభా అతి చిన్న వయసుది. అందువల్లనే క్యాన్సర్ కేసులను నమోదు చేసే రిజిస్ట్రీలు తమ రేట్లను 2000 సంవత్సరపు ప్రామాణిక జనాభాకు సర్దుబాటు చేసి, అంటే అన్ని రాష్ట్రాల్లోనూ వయసుల పంపకం ఒకేలా ఉందనుకుని లెక్కకట్టి, పోలుస్తాయి.

అభ్యంతరం: మీరు చెప్పే సర్దుబాటు వల్ల అసలు భారం మరుగున పడుతుందండీ. మెయిన్‌లోని ఆసుపత్రికి వచ్చేది నిజమైన వృద్ధులే గాని ప్రామాణిక జనాభా కాదు.

జవాబు: ఆసుపత్రులకు, చికిత్స తరువాతి పర్యవేక్షణకు ఎంత ఖర్చవుతుందో అంచనా వేయడానికి సర్దుబాటు చేయని శాతమే కావాలన్న మీ మాట నిజమేనండీ. అయితే పైన అడిగిన ప్రశ్న గాలి, నీటి గురించినది. దానికి రిజిస్ట్రీలోని కొత్త కేసుల రేటును, మరణాల రేటును పక్కపక్కన పెట్టి చూడాలి. దక్షిణ కొరియాలో పరీక్షలు విస్తరించడంతో 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణ 1993తో పోలిస్తే సుమారు 15 రెట్లకు చేరింది. మరణాలు మాత్రం దాదాపు మారలేదు. అక్కడ పెరిగినది ప్రధానంగా వెతుకులాటే. కేసులు, మరణాలు రెండూ వయసు సర్దుబాటు తరువాత కూడా కలిసి పెరుగుతున్న జిల్లా ఏదైనా ఉంటే, పొగాకు, రాడాన్ (నేలలోంచి వెలువడే రేడియోధార్మిక వాయువు), పరిశ్రమల వ్యర్థాల గురించిన విచారణను అక్కడి నుంచే మొదలుపెట్టాలి.