ఆర్‌వీ పార్కు అమ్మాలి: పార్కుగానా, భూమిగానా?

నమస్కారమండీ. టెక్సస్‌లో ఆస్టిన్‌కి ఈశాన్యాన, టేలర్ దగ్గర నాకూ మా బావగారికీ 48 సైట్ల ఆర్‌వీ పార్కు ఉంది, అంటే ఇల్లులాంటి ట్రైలర్లు నిలుపుకుని అద్దెకు ఉండే చోటు. 2021లో శాంసంగ్ చిప్ ఫ్యాక్టరీ ప్రకటన వచ్చాక చుట్టుపక్కల భూముల రేట్లు బాగా పెరిగాయి. మా దగ్గర ఉండేవాళ్లలో సగం మంది అక్కడి వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లే. తెల్లవారుజామున నాలుగున్నరకే వాళ్ల పికప్ ట్రక్కులు వరసగా గేటు దాటుతాయి.

ఇప్పుడు ఇద్దరు అడుగుతున్నారు. ఒకాయన పార్కుగానే నడుపుతారట. ఖర్చులు పోగా ఏడాదికి మిగిలేదాన్ని 8 శాతం క్యాప్ రేటుతో లెక్కగట్టి, అంటే ఆ మిగులు ధరలో 8 శాతం అయ్యేలా, ధర చెప్పారు. రెండో ఆయన అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్. ఎక్కువే ఇస్తానంటున్నారు, కానీ జోనింగ్ (ఆ భూమిలో ఏం కట్టొచ్చన్న నిబంధన) మారాకే డబ్బు, అదీ పార్కు ఖాళీ చేసి ఇస్తేనే. ఈలోగా ఆయన వెనక్కి తగ్గితే మాకు అద్దెలూ ఉండవు, అమ్మకమూ ఉండదు. అదే నా టెన్షన్. పైగా ట్రైలర్ మెట్ల పక్కన బకెట్లలో టమాటాలు పెంచుకునే ఒక పెద్దావిడ ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నారు. ఆవిడకి వెళ్లిపొమ్మని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

ఇలాంటి బిల్డర్ల దగ్గర తిరిగివ్వక్కర్లేని అడ్వాన్స్ ఎంత అడగొచ్చు? 1031 ఎక్స్‌ఛేంజ్ (అమ్మిన డబ్బుతో మరో ఆస్తి కొని, లాభంపై పన్ను వాయిదా వేసుకునే పద్ధతి) చేసినవాళ్లు, 45 రోజుల్లో కొత్త ఆస్తి ఎలా ఎంచుకోగలిగారు? దయచేసి మీ అనుభవం చెప్పండి.